జాజికాయ పుట్టిల్లు



మొన్న పండక్కి వంటింట్లో డబ్బాలన్నీ కడిగి సర్దుతుంటే మసాలా దినుసుల డబ్బా అడుగున ఒక జాజికాయ కనిపించింది. పురుగు తొలిచి గుల్లయిపోయింది. పారేయబోతుంటే మా అత్తగారు "కాస్త చూసి పారెయ్యమ్మా, దాని విలువ నీకేం తెలుసు?" అన్నారు. ఆవిడ అన్నది కొట్లో ధర గురించే లెండి. పక్కనే చదువుకుంటున్న మా అమ్మాయి "ఇది ఎక్కడ పండుతుందమ్మా?" అని అడిగింది. "కేరళలో" అన్నాను. అబద్ధం కాదు, మన దేశంలో జాజికాయ ఎక్కువగా పండేది కేరళలోనే. "మరి కేరళకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని మళ్ళీ అడిగేసరికి నా దగ్గర జవాబు లేదు. మెట్రిక్‌తో చదువు ఆపేసినదాన్ని. దాని అట్లాసూ, లైబ్రరీ నుంచి తెప్పించుకున్న రెండు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. అందులో తెలుసుకున్నది మీతో చెప్పుకోకుండా ఉండలేక ఇవాళ ఇలా వచ్చాను.

ఆసియాలో దీవులనగానే మనకి సింహళమో, జపానో, బాలీయో గుర్తొస్తాయి. నేను చెప్పబోయేవి పటంలో ఆవగింజంత కూడా కనిపించవు. ఇండొనేసియా దేశానికి తూర్పు వైపున బాందా సముద్రం ఉంది. అందులో గుప్పెడు చిన్న చిన్న దీవులు. వాటినే బాందా దీవులంటారు. వాటి నడుమ ఒక అగ్నిపర్వతం. అది 1988లో కూడా బద్దలయింది. ఆ బూడిద కలిసిన నేల, సముద్రపు గాలి, పెద్ద చెట్ల నీడ, వీటి మధ్య పెరిగిన చెట్టు జాజి చెట్టు. అదే దాని పుట్టిల్లు. 18వ శతాబ్దం దాకా లోకానికంతటికీ జాజికాయ వెళ్ళింది ఇంచుమించు ఈ గుప్పెడు దీవుల నుంచే అంటే నమ్ముతారా?

ఆ పండు పచ్చగా, చిన్న జామకాయలా ఉంటుంది. పండాక రెండుగా విచ్చుకుంటుంది. లోపల గింజ, ఆ గింజకి వల అల్లినట్టు ఎర్రటి పొర. ఆ పొరని ఒలిచి ఎండబెడితే జాపత్రి. గింజని ఎండబెట్టి పెంకు కొడితే జాజికాయ. మనం కొట్లో రెండు పొట్లాలుగా కొనుక్కునేవి ఒకే పండులోని తోబుట్టువులన్నమాట.

బాందాలో రాజు లేడు. ఊరి పెద్దలే వ్యవహారాలు చక్కబెట్టుకునేవారు. వాళ్ళని ఒరాంగ్ కాయా అనేవారు. జావా వర్తకులూ, మలయా వర్తకులూ వచ్చి సరుకు తీసుకుని వెళ్ళేవారు. 1512లో పోర్చుగీసువాళ్ళు వచ్చారు. ఆ తరవాత డచ్చివాళ్ళు. ఐరోపాలో జాజికాయ బంగారంలా అమ్ముడుపోయే రోజులవి. ప్లేగు రోగానికి కూడా అది మందని నమ్మేవారట.

ఇక్కడ మన ఊసు కూడా వస్తుంది. ఆ దీవుల్లో వరి పండదు, బట్ట నేయరు. అక్కడి వాళ్ళకి వెండి నాణేల కన్నా మన దేశపు బట్టలంటేనే మక్కువ. అది గ్రహించి డచ్చివాళ్ళు 1605లో మన మచిలీపట్నం వచ్చారు. గోల్కొండ సుల్తానుల అనుమతితో అక్కడ వర్తకపు కొఠీ పెట్టుకున్నారు. మన కోస్తా ఊళ్ళలో నేసినవీ, అద్దినవీ బట్టలు ఓడలకెక్కించి తూర్పు దీవులకి పంపి, వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు నింపుకునేవారు. మన నేతగాళ్ళ చేతి పని ఆ మూల దీవుల్లో ఆడవాళ్ళ ఒంటి మీద ఉండేదని తలుచుకుంటే నాకు ముచ్చటేసింది. ఆ తరవాతి పేజీ చదివాక ఆ ముచ్చట నిలవలేదు.

డచ్చి కంపెనీ ఒక్కటే పట్టు పట్టింది. జాజికాయ మాకే అమ్మాలి, మేం చెప్పిన ధరకే అమ్మాలి. దీవులవాళ్ళకి అది గిట్టలేదు. బియ్యం, బట్ట తెచ్చే పాత వర్తకుల్ని వదులుకుంటే వాళ్ళ పొట్ట గడిచేదెలా? గొడవలు ముదిరి 1609లో వాళ్ళు డచ్చి నౌకాధిపతినీ, అతని మనుషుల్నీ చంపేశారు. ఆ పగ చల్లారలేదు. 1621లో యాన్ కూన్ అనే డచ్చి గవర్నర్ జనరల్ పెద్ద దండుతో దిగాడు. 44 మంది పెద్దల తలలు నరికించాడు. ఊళ్ళు తగలబడ్డాయి. కొందరు కొండలెక్కి ఆకలికి చచ్చిపోయారు. కొందర్ని బానిసలుగా పడవలెక్కించి బతావియాకి పట్టుకుపోయారు. సుమారు 15,000 మంది ఉండేవారని అంచనా. అందులో మిగిలింది ఓ వెయ్యి మంది. ఖాళీ అయిన నేలని తోటలుగా పంచి, వేరే దేశాల నుంచి బానిసల్ని తెచ్చి చాకిరీ చేయించారు.

ఆ దీవుల్లో రన్ అని ఒకటుంది. పొడవు సుమారు 3 కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరులోపే. దాని మీద హక్కు తమదని ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి పోట్లాడారు. చివరికి 1667లో బ్రెడా అనే ఊళ్ళో సంధి కుదిరింది. ఎవరి చేతిలో ఉన్నది వారికే. రన్ దీవి డచ్చివాళ్ళకి దక్కింది. ఇంగ్లీషువాళ్ళు 1664లో డచ్చివాళ్ళ నుంచి లాక్కున్న అమెరికా దీవి ఇంగ్లీషువాళ్ళకే ఉండిపోయింది. ఆ రెండోది ఏదో తెలుసా? మన్‌హాటన్! ఇవాళ న్యూయార్కు నడిబొడ్డు.

జాజి విత్తనం ఇంకెక్కడా మొలవకూడదని డచ్చివాళ్ళు కాయల్ని సున్నంలో ముంచి అమ్మేవారు. ధర పడిపోకూడదని 1760లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గుట్టలు గుట్టలుగా తగలబెట్టారు కూడా. ఆ గుట్ట పక్కన మనం ఉంటే ఏమనుకునేవాళ్ళమో! ఇంత చేసినా గుట్టు దాగలేదు. 1770లో పియెర్ ప్వావ్ర్ అనే ఫ్రెంచివాడు దొంగతనంగా మొక్కలు తెప్పించి మారిషస్‌లో నాటించాడు. తరవాత ఇంగ్లీషువాళ్ళు బాందాని కొన్నాళ్ళు పట్టుకుని, మొక్కల్ని పెనాంగుకీ, సింహళానికీ, మన దక్షిణ దేశానికీ తరలించారు. గ్రెనడా అనే చిన్న దేశం జెండా మీద ఇప్పుడు జాజికాయ బొమ్మ ఉంది. మా అమ్మాయి ప్రశ్నకి జవాబు ఇన్నాళ్ళకి దొరికింది.

బాందాకి ఇంకో గౌరవం కూడా ఉంది. ఇండొనేసియా స్వాతంత్ర్య నాయకులు హట్టానీ, షహ్రీర్‌నీ డచ్చి ప్రభుత్వం 1936లో అక్కడికే ప్రవాసం పంపింది. ఖాళీగా కూర్చోకుండా ఊరి పిల్లలకి పాఠాలు చెప్పారు. దేశం స్వతంత్రమయ్యాక ఒకరు ఉపాధ్యక్షులయ్యారు, ఒకరు ప్రధాని. ఇప్పుడు రెండు దీవులకి వాళ్ళ పేర్లే.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకొకటి. 1621లో తప్పించుకున్న కొందరు పడవల మీద కై దీవులకి చేరి ఊళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ సంతతి ఈనాటికీ అక్కడే ఉంది. బాందా భాష బాందాలో వినిపించదు. అక్కడ, ఆ పరాయి దీవిలో వినిపిస్తుంది. నాలుగువందల ఏళ్ళుగా తల్లులు పిల్లలకి నేర్పుకుంటూ వచ్చారన్నమాట. పుట్టిల్లు వదిలి వచ్చినవాళ్ళం మనమంతా. కాని మన పుట్టిల్లు మనం వెళ్ళాలనుకుంటే ఉంటుంది. వాళ్ళు నోట్లో మాట ఒక్కటే మోసుకుపోయారు.

ఎవరికీ అక్కరలేని కాయ అయితే ఆ దీవుల జోలికి ఎవరూ పోయేవారు కారు. అందరికీ కావలసిన వస్తువు తమ పెరట్లో ఉండటమే వాళ్ళ పాలిట శాపమయింది. ఈసారి పాయసంలోకి జాజికాయ అరగదీసేటప్పుడు చిటికెడే వెయ్యండి. ఎక్కువ తింటే ఒంటికి చేటని డాక్టర్లు కూడా చెబుతున్నారు. ఆ చిటికెడు వేసేటప్పుడు పక్కన పిల్లలుంటే ఈ సంగతి వాళ్ళకి చెప్పండి. మా అత్తగారికి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత డబ్బాలో మిగిలిన మంచి జాజికాయల్ని తీసి, చిన్న సీసాలో వేసి, మూత గట్టిగా బిగించారు.