చుట్టపొగయు రాచపుండును

గౌతమీ వసిష్ఠల నడుమ లంకభూములలో పండిన పొగాకునకు పేరుప్రతిష్ఠలు గలవు. చుట్ట రుచి తెలిసినవారికి లంక పొగాకు అనిన చాలును. ఆ చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని పీల్చుటను అడ్డపొగ యందురు. తీరాంధ్రపు పల్లెలలో, ముఖ్యముగా ఉత్తరాంధ్రమున, వయసుమీరిన స్త్రీలలో ఈ అలవాటు విశేషముగా నుండెడిది; నేటికిని పూర్తిగా పోలేదు. అడ్డపొగకును అంగిటి క్యాన్సరునకును గల సంబంధమును 1957లోనే రెడ్డి, రావు అను ఇరువురు వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించిరి. తరువాత ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించిన ఫలితములు 1971లో వెలువడి, అడ్డపొగ త్రాగువారి అంగిటిపై ఏర్పడు తెల్లమచ్చలను, పొరలను వివరించినవి.

పొగ కణమును ఎట్లు చెరచును? ఈ ప్రశ్న పాతది. లండను నగరమున పొగగొట్టములు ఊడ్చు బాలురకు మసివలన రాచపుండు కలుగుచున్నదని పెర్సివల్ పాట్ అను వైద్యుడు 1775లోనే గుర్తించెను. 1915లో జపాను శాస్త్రజ్ఞులు యామగివా, ఇచికావాలు కుందేళ్ల చెవులకు తారును పలుమారులు పూసి క్యాన్సరు పుట్టించిరి. ఆ తారులోని దోషకారిని 1933లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దాని పేరు బెంజోపైరీను. అది చుట్టపొగలోను కలదు.

ఇందొక విచిత్రము గలదు. బెంజోపైరీను తనంత తాను అంత చురుకైనది కాదు. శరీరము దానిని నీటిలో కరుగునట్లు చేసి వెలికి పంపబూనును. ఆ ప్రయత్నములోనే అది తీక్ష్ణరూపము దాల్చి, కణములోని జన్యుపదార్థమగు డి.ఎన్.ఎ.కు అతుకుకొనును. కణము ఆ చెడుగును చాలవరకు బాగుచేసికొనును. బాగుపడక మిగిలినచోట, కణము రెండగునప్పుడు, ఒక అక్షరము తప్పుగా నకలగును.

ఒక్క అక్షరమున ఏమగునని శ్రోతలు అడుగవచ్చును. 1982లో అమెరికాలో మూడు పరిశోధక బృందములు, మూత్రాశయపు క్యాన్సరు కణములోని రాస్ అను జన్యువును ఆరోగ్యకరమైన జన్యువుతో పోల్చి చూచినవి. భేదము ఒక్క అక్షరమే: 'జి' ఉండవలసినచోట 'టి' యున్నది. ఆ బృందములలో ఒకదానియందు మన తెలుగువారు ఇ. ప్రేంకుమార్ రెడ్డిగారు ముఖ్యులు. ఇట్లు చెడిన జన్యువునే ఆంకోజీను అందురు. అది బయటినుండి వచ్చిన శత్రువు కాదు. మన కణమున నిత్యము పనిచేయు జన్యువే.

కోనసీమ రైతులకు ఇది సులభముగా తెలియును. పంటకాలువ తూమునకు తలుపు గలదు. నీరు కావలసినప్పుడు ఎత్తుదురు, చాలినపిమ్మట దించుదురు. రాస్ జన్యువు అట్టి తలుపు. కణము పెరుగవలసినప్పుడు తెరచుకొని, పిదప మూసికొనును. ఆంకోజీను మూతపడని తలుపు. అయినను ఒక్క తూము తెరచియున్నంత మాత్రమున చేను మునుగదు. మురుగుకాలువ ఆ నీటిని లాగివేయును, గట్టు కాచును. కణమునకును అట్టి కాపుదల గలదు. పి-53 అను జన్యువు చెడిన కణముయొక్క విభజనను నిలుపును, లేదా దానిని అంతమొందించును. ఈ గట్టును సైతము తెంచగలది ఆ పొగయే. ఊపిరితిత్తుల క్యాన్సరులో పి-53 ఎచ్చటెచ్చట చెడుచున్నదో, అచ్చటనే బెంజోపైరీను ప్రత్యేకముగా అతుకుకొనుచున్నదని 1996లో తెలిసినది.

పొగాకు నమలువారికిని మినహాయింపు లేదు. వారి నోటి క్యాన్సరులలో రాస్ జన్యువు మార్పులను 1991లో బొంబాయి పరిశోధకులు చూపిరి.

"మా తాతగారు ఎనుబదేండ్లు చుట్ట కాల్చిరి, ఏమైనది?" అని వాదించువారు గలరు. తప్పు ఏ అక్షరమున పడునో ఎవ్వరును ముందు చెప్పజాలరు. కొందరికి గట్టు తెగదు. కాని ప్రతి చుట్టయు మరియొక అవకాశము నిచ్చును. ఒక కణము క్యాన్సరు కణమగుటకు పలు మార్పులు కూడవలెను. అందులకు ఏండ్లు పట్టును. మన ఆశయు ఆ ఏండ్లలోనే యున్నది. ఏ వయసున మానినను కొత్త చెరుపు తగ్గును, అపాయమును క్రమముగా తగ్గును.

మీ యింట మామ్మగారో తాతగారో చుట్టకు, పొగాకునకు అలవాటుపడియున్నచో, వెలుతురున వారి అంగిలిని, బుగ్గల లోపలిభాగమును చూడుడు. తెల్లమచ్చ గాని ఎఱ్ఱమచ్చ గాని, రెండు వారములకును మానని పుండు గాని కనబడినచో, నొప్పి లేదని ఊరకుండక వైద్యుని కడకు తోడ్కొనిపొండు. గట్టు తెగకముందు వేసిన తట్టెడు మట్టి, తెగినపిమ్మట వేసిన బండెడు మట్టికంటె మేలు.