స్థానికుడంటే ఎవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు దరఖాస్తులు పరిశీలించిన గుమాస్తాను. కనుక దరఖాస్తులోని కాలమ్‌ల గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

'స్థానికుడు' అన్న మాట తీసుకోండి. ఊళ్లో స్థానికుడంటే అక్కడ పుట్టినవాడు, తాతల నాటి ఇల్లూ పొలమూ అక్కడ ఉన్నవాడు. ఉద్యోగాల నియామకానికి వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఇవేవీ అడగలేదు. అర్హత పరీక్షకు మొదటిసారి కూర్చున్న సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నదే ముందుగా చూసింది.

దీని దెబ్బ బదిలీల మీద తిరిగిన మనబోటివాళ్ల పిల్లలకే తగిలింది. తాత తండ్రులది గుంటూరు జిల్లా అనుకోండి. తండ్రికి కర్నూలు బదిలీ అయింది. పిల్లవాడు ఏడు నుంచి పది దాకా అక్కడే చదివాడు. టెన్త్ అర్హతగల పోస్టు పడితే సొంత జిల్లాలో వాడు నాన్‌లోకల్! ఆ ఉత్తర్వు ప్రకారం జిల్లా కేడరు గుమాస్తా పోస్టుల్లో నూటికి 80 స్థానికులవిగా ఉండేవి. మిగిలిన ఇరవైలోనే వాడి పోటీ. కర్నూలులో కాగితం మీద లోకలే గాని, వీధిలో మాత్రం 'గుంటూరు వాళ్లబ్బాయి'. తెలంగాణలో 2018 ఉత్తర్వు వచ్చాక ఒకటి నుంచి ఏడు తరగతుల చదువును చూడసాగారు. మాట అదే, లెక్క మారింది.

అంతకుముందు 'ముల్కీ' ఉండేది. ముల్క్ అంటే దేశం. 1919లో నిజాం ఫర్మానా వచ్చిననాడు ఆ దేశం హైదరాబాదు రాజ్యం. రాజ్యం పోయింది, 1956లో రాష్ట్రమూ మారింది, మాట మాత్రం తెలంగాణ ఉద్యోగాల నిబంధనల్లో నిలిచిపోయింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్న తర్వాత ఎంత ఆందోళన జరిగిందో మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చాకనే దానికి తెరపడింది.

ఇక 'జాతీయత' కాలమ్. అందులో 'తెలుగు' అని రాసినవాళ్లున్నారు. సెక్షనులో నవ్వేవారు నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు. ఉగాది సభలో 'తెలుగు జాతి' అంటాం, జెండా పండుగనాడు 'భారత జాతి' అంటాం. అంటున్నది మనమే గదా! ఆ కాలమ్ అడిగేది పౌరసత్వమని పాపం వాళ్లకెవరు చెప్పారు?

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఈ తిరకాసు తప్పలేదు. అక్కడి ఫారాల్లో 'అమెరికన్ ఇండియన్' అంటే ఆ గడ్డ మీది ఆదివాసులు. మనవాళ్లకు 1980 జనాభా లెక్కల నుంచి 'ఏషియన్ ఇండియన్' అని వేరే గడి ఇచ్చారు.

ఇక్కడ చాలామంది మనవలకు 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' కార్డు ఉంది. పేరులో సిటిజన్ ఉన్నా, మన చట్టం దృష్టిలో వారు విదేశీయులే. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనడానికీ, దానంగా పుచ్చుకోవడానికీ వీలులేదు. వారసత్వంగా రావచ్చు. కాబట్టి మనవడి పేర రెండెకరాలు కొందామని ముచ్చటపడేవారు బయానా ఇవ్వకముందే పిల్లవాడి పాస్‌పోర్టు ఏ దేశానిదో ఒక్కసారి చూసుకోండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.