గది మూలలో పంట: ఎండుగడ్డితో పుట్టగొడుగులు

(మైలవరంలో మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పెరటి తోటల గురించి ప్రతి ఏడూ చెప్పుకుంటున్నాం. మరి పెరడే లేనివాళ్ల సంగతేమిటి? మా సంఘంలో పది మందిమి ఉంటే నలుగురికి పెరడు లేదు. సెంటున్నర స్థలంలో ఇల్లు లేచాక తులసి కోటకే చోటు చాలదు. అలాంటి వాళ్లం ఇంటి లోపల ఏం పండించుకోగలం అని ఆలోచిస్తే ముత్యపు చిప్ప పుట్టగొడుగు కనిపించింది. రెండు సీజన్లుగా చేస్తున్నాం. తెలిసింది చెప్తాం.

ఇదెందుకంటే, కూరగాయ కొనడం మానేస్తే ముందు తగ్గేది ఆడవాళ్ల కంచంలోనే. 2024 సెప్టెంబరు 1న మన వైపు కొండల్లో పుట్టిన బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, మన దగ్గర కూడా కూరలకు ఇబ్బంది పడ్డాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో ప్రతి 10 మంది ఆడవాళ్లలో దాదాపు 6 మందికి రక్తహీనత ఉంది. పుట్టగొడుగు తింటే అది పోతుందని మేము చెప్పడం లేదు. ఐరన్ మాత్రలు, ఆకుకూర, పప్పు, గుడ్డు మానకూడదు. వారంలో రెండు పూటలు కంచంలో ఇంకో కూర చేరుతుంది, అంతే. అదీ తక్కువ కాదు.

ఇక పద్ధతి. వానకు తడవని, బూజు పట్టని కొత్త వరిగడ్డి తీసుకోవాలి. కోతకు ముందు మందు కొట్టిన పొలం గడ్డి వద్దు. రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న గంటసేపు నీళ్లలో ఉడికించాలి. గడ్డిలో ఉన్న వేరే బూజులు చావడానికే ఈ ఉడకబెట్టడం. నీడలో ఆరబెట్టి గుప్పిట్లో పిండి చూడాలి. చెయ్యి తడవాలి, చుక్క కారకూడదు.

చేతులు సబ్బుతో కడుక్కుని, పాలిథిన్ సంచిలో ఒక వరస గడ్డి, అంచుల వెంట విత్తనం, మళ్లీ గడ్డి, ఇలా నాలుగైదు వరసలు వెయ్యాలి. కిలో ఎండుగడ్డికి సుమారు 100 గ్రాముల విత్తనం పడుతుంది. మూతి కట్టి, సూదితో పది పన్నెండు చిల్లులు పెట్టి, చీకటి గదిలో ఉట్టిలా వేలాడదీయాలి. 15 నుంచి 20 రోజుల్లో సంచి అంతా దూది పట్టినట్టు తెల్లబడుతుంది. ఆకుపచ్చ మచ్చ కనిపించిన సంచిని వెంటనే బయటికి తీసెయ్యాలి, లేకపోతే పక్కవాటికి అంటుకుంటుంది.

తెల్లబడ్డాక సంచి చీల్చి, కొంచెం వెలుతురు, గాలి తగలనివ్వాలి. గోడలకు తడి గోనెపట్టాలు కట్టి రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. నాలుగైదు రోజుల్లో మొగ్గలు, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో కోత. అంచులు పైకి మడత పడకముందే మెలితిప్పి తీసుకోవాలి. వారం వారం తేడాతో రెండు మూడు కాపులు వస్తాయి. అన్నీ కుదిరితే కిలో ఎండుగడ్డికి మొత్తం మీద అర కిలో పైన వస్తుంది. మిగిలిన గడ్డి కుండీలకు ఎరువు.

మూడు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటిది, పిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు పడుకునే గదిలో పెట్టొద్దు. ముదిరితే దుమ్ములాంటి పొడి రాలి దగ్గు వస్తుంది. మెట్ల కింద, పక్క పాకలో పెట్టండి. రెండోది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకే ఇది మన దగ్గర బాగా వస్తుంది. ఎండలు మొదలయ్యాక పాల పుట్టగొడుగు వేసుకోవచ్చు, దానికి గడ్డి మీద మట్టి పొర వెయ్యాలి. మే నెల ఎండలో రేకుల ఇంట్లో ఏదీ నిలవదు. మూడోది, మన పెద్దలు తొలకరికి పుట్టల మీద ఏరుకొచ్చేవి వేరు. సరిగా గుర్తుపట్టలేని అడవి పుట్టగొడుగు ముట్టుకోవద్దు.

అమ్మకం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తాం. తాజా సరుకు బయట రోజు, రోజున్నర ఉంటుంది. అందుకే కోతకు ముందే కొనేవాళ్లని చూసుకోవాలి. మిగిలితే ఎండబెడితే పదో వంతు బరువుకు వస్తుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది. "ఇది నీచు కదా వదినా, కార్తీకంలో తినొచ్చా?" అని అడిగేవాళ్లున్నారు. ఎవరింటి ఆచారం వాళ్లది, మనం వాదించొద్దు. ఒకాయన మా ఊరొచ్చి, తలా లక్ష పెడితే విత్తనం మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అన్నాడు. కాగితం మీద రాసివ్వమంటే మళ్లీ రాలేదు. ఇలాంటి వాటికి సంఘం అప్పు ఇవ్వొద్దని తీర్మానం రాసుకున్నాం.

మా మాట ఒకటే. బ్యాంకు లింకేజీ డబ్బుతో మొదలుపెట్టొద్దు. పొదుపులోంచి చిన్న అప్పు తీసుకుని ఐదు సంచులు కట్టండి. మొదటి కాపు ఇంట్లో వండుకోండి, రెండోది చుట్టుపక్కల వాళ్లకి అమ్మండి, లెక్క పుస్తకంలో రాయండి. నాలుగు కాపుల లెక్క చూసుకున్నాకే పెంచాలో మానాలో మీరే తేల్చుకోండి. శిక్షణ కోసం గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగొచ్చు. ఈ ఏడు సమాఖ్య అందరి తరఫున ఒకేసారి విత్తనం తెప్పిస్తే ఛార్జీలు కలిసొస్తాయని తీర్మానం పెడుతున్నాం. మీరందరూ బలపరచాలని కోరుతున్నాం.