బడి ఎదుటి పాటల కొట్టు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘బడి నాకేమిచ్చింది’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను గేటు దాటి నాలుగడుగులు వేసి మాట్లాడతాను. ఎదురుగా ఉన్న పాటల కొట్టు ఈ నెలాఖరుకు మూతపడుతోంది.

1980లో ‘శంకరాభరణం’ వచ్చినప్పుడు నేను ఆరో తరగతి. ఆ కొట్టు స్పీకర్లో ఆ పాటలు మొదలైతే, గంట కొట్టినా మా కాళ్లు కదిలేవి కావు. ఒకరోజు తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని వచ్చి, తానూ నిలబడి పాటంతా విని, ఆ తర్వాతే మమ్మల్ని తరిమారు.

ఘంటసాల 1974లోనే కన్నుమూశారు. మా అమ్మకు మాత్రం ఆయన రోజూ పాడాల్సిందే. తొమ్మిదో తరగతిలో డబ్బులు కూడబెట్టి, 18 పాటలు చీటీ మీద రాసి, క్యాసెట్ చేయించడానికి వెళ్లాను. కొట్టాయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. ఆయన చీటీ తిరిగి నా చేతికే ఇచ్చి, “60 నిమిషాల క్యాసెట్టురా. ఒక్కో వైపు అరగంటే. లెక్కేసి చూడు” అన్నారు. కూడితే రెండు పాటలు ఎక్కువయ్యాయి. “చివరి పాట మధ్యలో తెగితే మీ అమ్మ బాధపడుతుంది. ఏవి వదలాలో నువ్వే తేల్చుకో” అన్నారు. నా మొదటి ఇంజనీరింగ్ లెక్క అదే.

ఆ తర్వాత సెలవులన్నీ అక్కడే గడిపాను. స్పిరిట్‌లో తడిపిన దూదితో టేప్‌రికార్డర్ హెడ్ తుడవడం, పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పి మసకబారిన గొంతును తేటపరచడం, రికార్డును అంచులు మాత్రమే పట్టుకుని తీయడం బాబాయే నేర్పారు.

నేను 30 ఏళ్లుగా టెలికాం ఇంజనీరును. పాటను కొట్టులోంచి ఫోన్లోకి తీసుకుపోయిన తీగలు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పైగా 20 ఏళ్లుగా ఊరొచ్చినప్పుడల్లా ఆ కొట్టులో టీ తాగానే తప్ప ఒక్క పాటా కొనలేదు. నిన్న సాయంత్రం ఈ మాట చెబితే బాబాయి నవ్వారు. “మా నాన్న గ్రామఫోన్లు బాగుచేసేవాడు. క్యాసెట్లు పెట్టి ఆయన పని పోగొట్టింది నేనే కదరా. కొట్టు మూసినందుకు కాదు నా బాధ. వీటిని తూకానికి అడుగుతున్నారు” అని రికార్డుల అర చూపించారు.

మిత్రులారా, ఆ రికార్డులను మనం సరైన ధరకు కొందాం. మన లైబ్రరీలో ఒక అర చాలు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంగిపోతాయి కాబట్టి నిలబెట్టి ఉంచుదాం. ప్లేయర్ ఖర్చు, దాని మరమ్మతు నావి.

బాబాయి ఒక్కటే షరతు పెట్టారు. “అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతే పెట్టించండి. గీతలు పడితే పడనీ.”

ఈ షరతుకు మీరందరూ ఒప్పుకుంటారనే నమ్మకంతో సెలవు తీసుకుంటున్నాను.