గోడలోని పగడం



పంచాంగ శ్రవణం తరువాత మాట్లాడటం కష్టమైన పని. ఆదాయ వ్యయాలు విన్న చెవులకు మరో మాట ఎక్కదు. అయినా కార్యదర్శిగారు "మీ సముద్రపు సంగతి ఏదైనా పావుగంట చెప్పండి" అన్నారు. నాకు తెలిసిన సముద్రం తూత్తుకుడి సముద్రమే. చిరకాలం బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని గనుక పాఠంలా వినిపిస్తే మన్నించండి.

మా తాతగారు తూత్తుకుడిలో కట్టించిన ఇల్లు ఇంకా నిలిచే ఉంది. క్రిందటి వానలకు పెరటి గోడ గచ్చు పెచ్చులూడి లోపలి రాయి బయటపడింది. మా మనవరాలు దానిమీద వేలు పెట్టి, "తాతయ్యా, ఈ రాతిలో ఇన్ని పూలు ఎవరు చెక్కారు?" అని అడిగింది. చూస్తే నిజమే. పప్పుబద్దంత నక్షత్రాలు, ఒకదాని ప్రక్క ఒకటి, లెక్కకు అందనన్ని. ఏ శిల్పీ చెక్కలేదు. ఒక్కొక్క నక్షత్రం ఒక్కొక్క ప్రాణి కాపురమున్న గది. అది పగడపు రాయి.

పగడమనగానే మన తల్లుల చేయి మెడలోని సూత్రం మీదికి పోతుంది. ఆ ఎర్ర పగడం మాత్రం మన సముద్రంలోది కాదు. అది మధ్యధరా సముద్రంలో, వెలుగు తక్కువగా ఉండే లోతుల్లో, రాళ్ళ నీడన పెరుగుతుంది. ఇటలీలో నేపుల్సు దగ్గరి టొర్రె దెల్ గ్రెకో అనే ఊరు దాన్ని చెక్కడానికి పేరుపడింది. మన ముత్యాలకు రోమువారు ఎంత విలువ ఇస్తారో పగడానికి హిందూదేశస్థులు అంత విలువ ఇస్తారని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే ప్లినీ అనే రోము రచయిత వ్రాశాడు. మన పెళ్ళికూతుళ్ళ కోసం ఓడలు ఎంత దూరం తిరిగాయో చూడండి!

పూర్వం అందరూ పగడాన్ని మొక్క అనుకొన్నారు. 1720ల్లో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు, పగడపు కొమ్మమీద విచ్చుకొనేవి పువ్వులు కావు, ప్రాణులని చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. ఆయన చెప్పిందే నిజం. చిన్న సంచి వంటి ఒళ్ళు, పైన నోరు, నోటి చుట్టూ మెత్తని చేతులు. అంతే ఆ ప్రాణి. ఎర్ర పగడానికి చేతులు ఎనిమిది. మా గోడలోని జాతికి ఆరు, లేదా ఆరు చొప్పున హెచ్చినవి. ఇది నీటిలోని సున్నాన్ని తీసుకొని తన క్రింద గిన్నె కట్టుకొంటుంది. గిన్నెమీద గిన్నె, తరంమీద తరం. గుండురాయిలా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. మా పెరటి రాయి జానెడు మందం ఉంది. అంటే మా తాతగారి గోడకు రావడానికి ముందు అది ఇరవై ఏళ్ళకు పైగా సముద్రంలో బ్రతికింది.

అంత చిన్న ప్రాణికి ఇంత ఇల్లు కట్టే బలం ఎక్కడిది? దాని ఒంటిలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. నాచు ఎండను తిని తిండి వండి పెడుతుంది. పగడం ఇంటిచోటు ఇస్తుంది. పగడానికి గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు ఈ నాచువల్లనే. అద్దెకుంటున్నవాడే ఇంటివాణ్ని పోషిస్తున్నాడన్నమాట! అయితే నీటివేడి మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్ని వారాలు నిలిస్తే ఈ స్నేహం చెడుతుంది. పగడం నాచును వెళ్ళగొడుతుంది. సున్నపు ఎముక తెల్లగా బయటికి కనిపిస్తుంది. వేడి త్వరగా తగ్గితే నాచు మళ్ళీ చేరుతుంది. తగ్గకపోతే ఆకలితో చస్తుంది. మన మన్నారు సింధుశాఖలో 1998లో, 2010లో, 2016లో ఇలా పగడం తెల్లబారింది.

దీని దగ్గర చుట్టం జెల్లిచేప. పేరే గాని చేప కాదు. ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. పగడపు ప్రాణిని తలక్రిందులు చేసి నీళ్ళలో వదిలితే జెల్లిచేప అవుతుందని పిల్లలకు చెప్పేవాణ్ని. ఇద్దరి చేతుల్లోనూ విషపు సూదులున్నాయి; జెల్లిచేప సూది తగిలినవారికి నేను వివరించనక్కరలేదు. జెల్లిచేపల్లో చాలావాటి బాల్యం రాతికి అంటుకొని గడుస్తుంది, పెద్దయ్యాక దేశాలు తిరుగుతాయి. పగడానిది తారుమారు. పిల్లప్పుడు ప్రవాహంలో కొట్టుకుపోయి, గట్టి చోటు దొరికితే అక్కడే అంటుకొని, ఇక కదలదు. మన పూర్వులు ఏరు దాటి ఈ దక్షిణానికి వచ్చిన కథ మీకు గుర్తుకొస్తే నా తప్పు లేదు. మన్నారులో కొమ్మపగడాలు గుడ్లు విడిచేది కూడా మార్చి నెల ప్రాంతంలో, రాత్రిపూట; మనకు ఉగాది దగ్గరపడే రోజులే.

ఇక మా ఇంటి సంగతి దాచను. మా తాతగారికి సున్నపు బట్టీ ఉండేది. మనుషులు మునిగి గునపాలతో పెకలించిన పగడాన్ని వల్లాలలో తెచ్చి బట్టీ దగ్గర కుప్ప పోసేవారు. మంచి రాయి గోడలకు, ముక్కలు బట్టీకి. ఆ కుప్పల వాసన నాకింకా గుర్తుంది. అది చచ్చిన ప్రాణుల వాసనని అప్పుడు తెలియదు. నా చదువు ఆ సున్నపు డబ్బుతోనే సాగింది. మా తాతగారు దయగలవారు, చీమలకు నూక చల్లేవారు. మెడలో పగడాన్ని కళ్ళకద్దుకొన్న మా నాయనమ్మ, పెరట్లో పగడాన్ని రాయి అనుకొంది. నేనూ అంతే.

తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా బారుగా 21 దీవులు. వాటి చుట్టూ 117 జాతుల గట్టి పగడాలను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అలను ముందుగా విరిచేవి ఆ దిబ్బలే. చేపపిల్లలు దాగేదీ వాటి సందుల్లోనే. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయవనంగా ప్రకటించారు. 2001లో గట్టి పగడాలన్నిటినీ, పులికి రక్షణ ఇచ్చే చట్టపు మొదటి పట్టికలోనే చేర్చారు. ఈలోపల తవ్వినంతా తవ్వారు. విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీట మునిగాయి. కారణాల్లో ఈ తవ్వకమూ ఒకటి. కోసుకుపోతున్న వాన్ దీవి ముందు 2015లో కాంక్రీటు దిమ్మలు దింపడం మొదలుపెట్టారు. పగడం ఊరికే చేసిన పనికి ఇప్పుడు మనం సిమెంటు కొంటున్నాం.

మేస్త్రీ వచ్చి, "గోడ పడగొట్టి ఇటుకతో కట్టేద్దాం సామీ" అన్నాడు. వద్దన్నాను. గచ్చు కూడా వేయించలేదు. మనవరాలు ఆ నక్షత్రాల్లో ఒక గిన్నెకు ఎన్ని గోడలున్నాయో భూతద్దం పెట్టి లెక్కపెడుతోంది. ఆరు చొప్పున సరిపోతోందో లేదోనని. ఇప్పటికి నలభై గిన్నెలు అయ్యాయి. మీలో ఎవరైనా తూత్తుకుడి వైపు వస్తే మా పెరట్లోకి రండి, చూపిస్తాను.