బాలింత పథ్యం – బిడ్డకు పాలు



మన ఊళ్ళలో కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ బాలింతకు కఠిన పథ్యం పెడతారు. కారప్పొడి, వెల్లుల్లితో అన్నం. పప్పు వద్దు, కూర వద్దు, పండు వద్దు. నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దల భయం. వారి మనసు మంచిదే. కాని పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి.

అరకొరగా తింటే పాలు వెంటనే ఎండిపోవు. తల్లి ఒంట్లోని సత్తువే పాలవుతుంది, ఆమె నీరసిస్తుంది. అది చూసి పాలు చాలవని డబ్బాపాలు మొదలుపెడతారు. బిడ్డ చీకడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి.

ఇంకొక సంగతి. రాత్రింబగళ్ళు తల్లిపాలే పడుతూ, బహిష్టు రాకుండా ఉంటే ఆరు నెలలదాకా మళ్ళీ గర్భం రావడం అరుదు. పైపాలు పట్టినా, బహిష్టు వచ్చినా, ఆరు నెలలు నిండినా ఆ ధీమా లేదు.

అన్నలారా! మీ అత్తగారికి, అమ్మగారికి మీరే నచ్చచెప్పండి. వెల్లుల్లి మానక్కరలేదు, పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు పెట్టండి. దాహమైనప్పుడల్లా నీళ్ళివ్వండి. ఐరన్ మాత్రలు 180 రోజులు మింగించండి. నర్సమ్మను అడిగి కాపర్-టి గాని, నిరోధ్ గాని ముందే ఎంచుకోండి.

తల్లి కడుపు నిండితేనే బిడ్డ కడుపు నిండుతుంది.