తీగ లేని ఆట పరికరం
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడవలసిన చోట వీడియో గేముల గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు అనుమానంగానే చూశారు. పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, గడువు దాటను.

2014 వేసవిలో కర్నూలులో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. మనవడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఎండలో బయటికి పోకుండా ఉంటాడని మా అబ్బాయి టీవీకి తగిలించే గేము పెట్టె కొనిపెట్టాడు. పెట్టె టీవీ కింద, పిల్లవాడు మంచం మీద. వాడి చేతిలోని కంట్రోలరు నుంచి పెట్టె దాకా, నడిచే దారికి అడ్డంగా ఎనిమిదడుగుల తీగ. "అబ్బీ, ఆ తీగ తీయి" అని మా ఆవిడ రోజూ అనేది. "ఈ ఒక్క ఆట అవ్వా" అనేవాడు. ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండకు తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందా అని వాడు కంట్రోలరు పట్టుకునే కూర్చున్నాడు. వాడి కోసం నీళ్ల చెంబు తెస్తూ ఆమె తీగ కాలికి తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను, మంచం, వాకరు. ఆ బిల్లుల కథ వేరే ప్రసంగం అవుతుంది, వదిలేస్తాను. నేను చెప్పదలచింది పిల్లవాని సంగతి. ఎవరూ వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వాడే పెట్టెను అటక మీద పెట్టించాడు. అవ్వ మంచం దగ్గర కూర్చునేవాడు, మాట్లాడేవాడు కాదు. మూడు నెలలు గడిచాక ఆమె నాతో, "వాని మొగం చూడలేకున్నా. తీగ లేంది యాడన్నా దొరుకుతాదేమో చూడండి" అంది.

డి.ఏ. బకాయి చేతికి రాగానే బజారుకు వెళ్లాను. తీగ గుచ్చే రంధ్రంలోనే బొటనవేలంత రిసీవరు పెట్టి ఇచ్చాడు దుకాణం కుర్రవాడు. మీట నొక్కితే కంట్రోలరు రేడియో తరంగాలతో ఆ సంగతి రిసీవరుకు పంపుతుంది, అది పెట్టెకు చెబుతుంది. అంతే. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. దాన్ని మా పల్లెలో వింటూ పెరిగినవాణ్ణి కనుక నాకు సులభంగానే అర్థమైంది. అక్కడ కిలోవాట్ల శక్తి, జిల్లాలు దాటే ప్రసారం. ఇక్కడ వాటులో వెయ్యో వంతులు కొన్ని, ఒక గది దూరం.

ఇది కొత్త విద్య కాదు. అమెరికాలో అటారీ కంపెనీ 1983లోనే రేడియోతో పనిచేసే జాయ్‌స్టిక్కులు అమ్మింది. 1989లో నింటెండో వారు టీవీ రిమోటు మాదిరి పరారుణ కిరణాలతో ఒకటి తెచ్చారు గానీ, ఎవరైనా అడ్డం నిలబడితే ఆట ఆగేది. 2002లో అదే కంపెనీ వేవ్‌బర్డ్ పేరుతో రేడియో కంట్రోలరు తెచ్చాక దారి కుదిరింది. ఇప్పటి బ్లూటూత్ రకాలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోని 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ మాట్లాడుకుంటాయి. ఏ క్షణాన ఏ చానలో రెండు వైపులా ముందే తెలుసు. అందుకే పొరుగింటి పిల్లవాడు మీట నొక్కితే మన కారు కదలదు.

ఒక గుమాస్తా మాట. మన చిన్నప్పుడు రేడియో వినడానికే పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం, జ్ఞాపకముందా? ఈ 2.4 పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని కేంద్రం 2005లో రూల్సు ఇచ్చింది. లేకుంటే మనవళ్ల ఆటకు కూడా ఫారం నింపేవాళ్లం.

మైక్రోసాఫ్ట్ వారు 2001లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ తీగకు మధ్యలో ఊడివచ్చే ముడి పెట్టారట. కాలు తగిలితే తీగ అక్కడ విడిపోతుంది. పెట్టె పడిపోకుండా చేసిన ఏర్పాటే అయినా ఆలోచించదగినది. ఆ కంపెనీకి 2014 నుంచి అధిపతి సత్య నాదెళ్ల. మనలో చాలామంది ఎరిగిన ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్ గారి కుమారుడు, పూర్వీకులది మన అనంతపురం జిల్లా బుక్కాపురం. 2018లో ఆ కంపెనీయే చేతులు సరిగా ఆడనివారి కోసం రెండు పెద్ద మీటలతో తీగ లేని కంట్రోలరు తెచ్చింది. పక్షవాతం వచ్చిన మన మిత్రుల ఇళ్లలో ఈ సంగతి చెప్పండి.

ఒక హెచ్చరిక. ఈ కొత్తవాటికి ఛార్జింగు తీగ ఉంటుంది. రాత్రిపూట దాన్ని గోడ వారగా పెట్టించండి.

మనవడు ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వస్తే పాత పెట్టెను తానే దించుతాడు. ఒక కంట్రోలరు అవ్వ చేతికిస్తాడు. ఆమె చేతికర్ర పక్కన పెట్టి కారు పందెం ఆడుతుంది. వెనుక వరుసలోనే కూర్చుని వింటోంది, ఆమె ముందే చెబుతున్నాను: ఆ కారు ఇంతవరకు ఒక్క మలుపు కూడా గోడకు తగలకుండా తిరగలేదు.

సెలవు.